తొండంగి తీరాన పెన్సిలిన్: ఒకే దేశంపై ఆధారం తగ్గేనా?

కాకినాడ: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెవిపోటుకో, గొంతు వాపుకో వైద్యుడు రాసి ఇచ్చే అమాక్సిసిలిన్ క్యాప్సూల్ చూడటానికి అచ్చమైన స్వదేశీ వస్తువు. అట్ట వెనుక ముద్రించిన చిరునామా హైదరాబాదుదో, హిమాచల్‌ప్రదేశ్‌దో అయి ఉంటుంది. లోపలి పొడిని తయారు చేసిన కర్మాగారం సైతం పలు సందర్భాల్లో మన దేశానిదే. ఆ పొడికి మూలమైన పెన్సిలిన్-జి మాత్రం దాదాపు మూడు దశాబ్దాల పాటు ప్రధానంగా చైనా నుంచే ఓడల మీద వచ్చింది. ఈ లోటును పూడ్చే ఉద్దేశంతోనే కాకినాడ జిల్లా తొండంగి మండలంలో పెన్సిలిన్-జి కర్మాగారం వెలసింది. అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ ఫార్మా రెండు వేల కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో నిర్మించిన ఈ కర్మాగారాన్ని 2024 అక్టోబరు 29న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దూరదృశ్య విధానంలో ప్రారంభించారు. దీని వార్షిక ఉత్పత్తి సామర్థ్యం 15,000 టన్నులు.

దేశంలో పెన్సిలిన్ తయారీ కొత్త విద్యేమీ కాదు. వచ్చిన విద్యనే మానుకున్నాం. ఎందుకు మానుకోవలసి వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం తెలిస్తే తప్ప తొండంగి కర్మాగారం ఎంతకాలం నిలుస్తుందన్నది అంచనా వేయలేం.

బూజు నుంచి మందు దాకా

పెన్సిలిన్-జి అన్నది పెనిసిలియం అనే బూజు జాతి శిలీంధ్రం స్రవించే పదార్థం. దీని ఉనికిని 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గుర్తించారు. మందుగా మలచిన ఘనత ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఫ్లోరీ, చైన్‌ల బృందానిది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని పియోరియా ప్రయోగశాల దీనిని భారీ ఎత్తున తయారు చేసే మార్గం చూపింది. మొక్కజొన్న నుంచి పిండి తీసే పరిశ్రమలో మిగిలిపోయే పులిసిన ద్రవం ఈ బూజుకు మంచి ఆహారమని అక్కడే తేలింది.

పెన్సిలిన్-జిని నేరుగా ఇంజక్షన్‌గా వాడవచ్చు. అయితే దానికి అంతకన్నా పెద్ద ప్రయోజనం మరొకటి ఉంది. ఎంజైముల సాయంతో దానిలోని ఒక భాగాన్ని తొలగిస్తే 6-ఏపీఏ అనే మధ్యస్థ పదార్థం లభిస్తుంది. అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ దాని నుంచే పుడతాయి. మరో దారిలో మార్పు చేస్తే 7-ఏడీసీఏ వస్తుంది. సెఫాలెక్సిన్, సెఫాడ్రాక్సిల్ వంటి మందులకు అది పునాది. చిన్నపిల్లల సిరప్ సీసాలు మొదలు ఆసుపత్రి వార్డుల్లో వాడే మందుల దాకా ఒక పెద్ద కుటుంబమంతా ఈ ఒక్క వేరును పట్టుకుని నిలిచింది.

అంతగా పేరు వినపడని బెంజాథిన్ పెన్సిలిన్ కూడా ఈ కుటుంబంలోనిదే. కీళ్లవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి, ఏళ్ల తరబడి ఈ ఇంజక్షన్ ఇవ్వాలి. గర్భిణులకు సిఫిలిస్ సోకినట్లయితే కడుపులోని బిడ్డకు అది అంటకుండా కాపాడేదీ ఇదే. ధర తక్కువ, లాభం అంతకన్నా తక్కువ. అందుచేత దీనిని తయారు చేసేవారు ప్రపంచంలోనే కొద్దిమంది. 2010 తరువాతి దశకంలో పలు దేశాలలో ఈ ఇంజక్షన్‌కు కొరత ఏర్పడింది. వేరు ఒకే చోట ఉంటే కొమ్మలన్నీ ఎలా వాడిపోతాయో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

పింప్రీలో తొలి అడుగు

స్వాతంత్ర్యానంతరం కేంద్ర ప్రభుత్వం మందుల రంగంలో చేపట్టిన తొలి పెద్ద ప్రయత్నం పెన్సిలిన్ కోసమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్‌ల తోడ్పాటుతో పుణె సమీపాన పింప్రీలో 1954లో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ సంస్థ ఏర్పడింది. మరుసటి ఏడాదే ఉత్పత్తి ఆరంభమైంది. 1961లో సోవియట్ యూనియన్ సహకారంతో ఐడీపీఎల్ అవతరించింది. రుషీకేశ్‌లో యాంటీబయాటిక్‌లు, హైదరాబాదులో రసాయనిక మందులు, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలు తయారు చేయాలన్నది దాని ప్రణాళిక.

హైదరాబాదు ఐడీపీఎల్ కర్మాగారం తెలుగు నేలపై వేసిన ముద్ర నేటికీ చెరగలేదు. అందులో పనిచేసిన రసాయన శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు పలువురు తరువాతి కాలంలో సొంత పరిశ్రమలు స్థాపించారు. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకులు కళ్లం అంజిరెడ్డి అక్కడ ఉద్యోగం చేసినవారే. తుది పదార్థానికి కాక తయారీ విధానానికి మాత్రమే పేటెంటు ఇచ్చే 1970 నాటి చట్టం 1972లో అమలులోకి రావడం ఆ తరానికి కలిసివచ్చింది. బాలానగర్, జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ప్రాంతాల్లో బల్క్‌డ్రగ్ పరిశ్రమ వేళ్లూనుకున్నది ఆ నేపథ్యంలోనే.

రసాయనిక సంశ్లేషణలో హైదరాబాదు రాటుదేలింది కానీ పులియబెట్టి తీసే మందుల రంగం అంతగా అచ్చిరాలేదు. ఆ పనికి కావలసిన పెట్టుబడి వేరు, ఓపిక వేరు. చిన్న షెడ్డులో రెండు రియాక్టర్లు బిగించి మొదలుపెట్టే వ్యాపారం కాదది.

చౌక సరకు వెల్లువ

1980వ దశకంలోనూ, 1990వ దశకం ఆరంభంలోనూ ప్రభుత్వ సంస్థలతో పాటు గుజరాత్, తమిళనాడు రాష్ట్రాల్లో ప్రైవేటు కర్మాగారాలు కూడా పెన్సిలిన్-జిని తయారు చేసేవి. 1991లో మొదలైన ఆర్థిక సంస్కరణలతో దిగుమతులపై ఆంక్షలు సడలాయి, సుంకాలు దిగివచ్చాయి. సరిగ్గా అదే కాలంలో చైనా భారీ సామర్థ్యంతో కర్మాగారాలు నిర్మించి ప్రపంచ విపణిలోకి అడుగుపెట్టింది. ఇక్కడి ఉత్పత్తి వ్యయం కన్నా అక్కడి అమ్మకపు ధర తక్కువగా ఉన్నప్పుడు కొనుగోలుదారు ఎటు మొగ్గుతాడన్నది వేరే చెప్పనక్కరలేదు. అమాక్సిసిలిన్ తయారు చేసే మన కంపెనీలే చైనా పెన్సిలిన్‌కు మొదటి ఖాతాదారులయ్యాయి.

దేశీయ కర్మాగారాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. 1992లోనే ఖాయిలా సంస్థగా ముద్రపడిన ఐడీపీఎల్ రుషీకేశ్ కర్మాగారంలో ఉత్పత్తి 1990వ దశకంలోనే ఆగిపోయింది. 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆ సంస్థను మూసివేసేందుకు నిర్ణయించింది. యంత్రాలు తుప్పుపట్టడం ఒక నష్టం. బూజు జాతిని తరతరాలుగా మెరుగుపరుస్తూ వచ్చిన ప్రయోగశాలలు, తొట్టి వాసనను బట్టే తేడా పసిగట్టగల కార్మికులు చెదిరిపోవడం అంతకు మించిన నష్టం. దాని విలువ ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు.

అయితే ఆనాటి నిర్ణయాలను ఇప్పుడు తప్పుపట్టడం తేలికే కానీ, చౌక పెన్సిలిన్ వల్ల సామాన్యునికి మేలు జరగలేదని చెప్పలేం. భారతీయ మాత్రలు ఆఫ్రికా దేశాల దాకా చౌకగా చేరడం వెనుక చైనా ముడిసరకు పాత్ర ఉన్నది. లాభం ఏటా కనిపించింది. ప్రమాదం మాత్రం పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో ఒకసారి తలుపు తట్టేది కావడంతో ఎవరి పద్దులోనూ చేరలేదు.

హుబే మూతపడిన వేళ

హెచ్చరికలు ముందే వినవచ్చాయి. 2013లో ఏర్పాటైన కటోచ్ కమిటీ బల్క్‌డ్రగ్‌ల విషయంలో పరాధీనతను తగ్గించేందుకు సిఫారసులు చేసింది. కేంద్రం 2015వ సంవత్సరాన్ని ముడి ఔషధాల సంవత్సరంగా ప్రకటించింది కూడా. 2017లో చైనా కాలుష్య నియంత్రణ పేరిట పలు కర్మాగారాలను ఆపివేసినప్పుడు ఇక్కడ ముడిసరకు ధరలు పెరిగాయి. కాగితాలపై ఆందోళన వ్యక్తమైనంతగా క్షేత్రంలో కదలిక రాలేదు.

2020 జనవరిలో కరోనా కారణంగా చైనాలోని హుబే రాష్ట్రం దిగ్బంధంలోకి వెళ్లింది. అప్పటికి పరిస్థితి ఏమిటో గణాంకాలే చెబుతాయి. 2018-19లో భారతదేశం దిగుమతి చేసుకున్న బల్క్‌డ్రగ్‌లు, మధ్యస్థ పదార్థాల విలువ సుమారు 356 కోట్ల డాలర్లు కాగా, అందులో 240 కోట్ల డాలర్ల సరకు ఒక్క చైనా నుంచే వచ్చింది. అంటే మూడింట రెండు వంతులు. కొన్ని యాంటీబయాటిక్ మూలపదార్థాల విషయంలో ఈ వాటా తొంభై శాతాన్ని దాటింది. నిల్వలు తరిగిపోతాయన్న భయంతో కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి 3న పారాసిటమాల్, మెట్రోనిడజోల్, కొన్ని విటమిన్లు సహా 26 రకాల మందులు, ముడిపదార్థాల ఎగుమతిపై ఆంక్షలు విధించింది. ప్రపంచానికి మందుల దుకాణమని చెప్పుకునే దేశం ముడిసరకు కోసం కంగారుపడి సొంత ఎగుమతులను ఆపుకోవలసి రావడం అందరినీ ఆలోచింపజేసింది. ఏప్రిల్ 6న వాటిలో 24 రకాలపై ఆంక్షలు తొలగించారు.

ఆ తరువాతి కదలికలు వేగంగా సాగాయి. మార్చి 20నే కేంద్ర మంత్రివర్గం రెండు పథకాలను ఆమోదించింది. మూడు బల్క్‌డ్రగ్ పార్కుల కోసం రూ.3,000 కోట్లు, ఉత్పత్తితో ముడిపడిన ప్రోత్సాహకాల కోసం రూ.6,940 కోట్లు కేటాయించింది. రెండో పథకం 41 ఉత్పత్తులను గుర్తించింది. వీటి మీద ఆధారపడిన ముడి మందులు 53. పెన్సిలిన్-జి, 7-ఏసీఏ, ఎరిత్రోమైసిన్ థయోసయనేట్, క్లావులానిక్ ఆమ్లం అనే నాలుగింటికి పెద్దపీట వేశారు. పులియబెట్టి తీసే మందులకు అమ్మకాల విలువపై తొలి నాలుగేళ్లు 20 శాతం, ఐదో ఏడాది 15 శాతం, ఆరో ఏడాది 5 శాతం ప్రోత్సాహకం ఇస్తారు. రసాయనిక సంశ్లేషణ మందులకు ఇది 10 శాతం. తొండంగి కర్మాగారం ఈ పథకం కిందిదే. ఆ రోజు ప్రధాని ప్రారంభించిన వాటిలో హిమాచల్‌లోని నాలాగఢ్‌లో నెలకొల్పిన క్లావులానిక్ ఆమ్లం కర్మాగారం కూడా ఉంది.

తొట్టిలో ఒక వారం

పెన్సిలిన్ తయారీ ఎందుకు కష్టమో తెలియాలంటే ఆ పని ఎలా సాగుతుందో చూడాలి. వేలాది లీటర్లు పట్టే ఉక్కు తొట్టెలలో చక్కెర ద్రావణం, మొక్కజొన్న ద్రవం, లవణాలు నింపి ఆవిరితో సూక్ష్మక్రిమిరహితం చేస్తారు. చిన్న పాత్రలో పెంచిన బూజును అందులోకి వదులుతారు. దాదాపు వారం రోజుల పాటు శుద్ధి చేసిన గాలిని ఆగకుండా ఊదుతూ, చక్కెరను కొద్దికొద్దిగా అందిస్తూ, ఫినైల్ అసిటిక్ ఆమ్లాన్ని కలుపుతూ ఉండాలి. బూజుకు ఇష్టమైన ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలు. పెరిగే క్రమంలో అది స్వయంగా వేడి పుట్టిస్తుంది. వైశాఖంలో బయట 40 డిగ్రీలు దాటే గోదావరి తీరంలో ఆ తొట్టెలను చల్లగా ఉంచడానికే ఎంత విద్యుత్తు కావాలో ఊహించుకోవచ్చు.

విద్యుత్తు కొద్దిసేపు పోయినా గాలి ఆగి బూజు ఉక్కిరిబిక్కిరవుతుంది. ఎక్కడో ఒక కవాటం సరిగా మూసుకోక వేరే సూక్ష్మజీవి చొరబడితే తొట్టి మొత్తం పారబోయవలసిందే. చివరకు బూజును వడకట్టి, ద్రావకాలతో పెన్సిలిన్‌ను వేరు చేసి, స్ఫటికాలుగా మారుస్తారు. వీటన్నిటిలో శాస్త్రం కన్నా అనుభవానిదే పైచేయి. చైనా కర్మాగారాలు ఈ అనుభవాన్ని ముప్పై ఏళ్లుగా ఆగకుండా పోగుచేసుకున్నాయి. ఇన్నర్ మంగోలియా, జిన్‌జియాంగ్, షాంక్సీ వంటి చోట్ల బొగ్గు విద్యుత్తు, మొక్కజొన్న చౌక. చల్లని వాతావరణం అదనపు వరం.

ధర దెబ్బ

అసలు పరీక్ష విపణిలో ఉన్నది. తొండంగి ఉత్పత్తి మొదలైన తరువాతి కాలంలో అంతర్జాతీయంగా పెన్సిలిన్-జి, 6-ఏపీఏ ధరలు గణనీయంగా పడిపోయాయి. కొత్త పోటీదారును మొగ్గలోనే తుంచే ఎత్తుగడ ఇది అని దేశీయ ఉత్పత్తిదారుల వాదన. చైనాలో అవసరానికి మించి పెరిగిన సామర్థ్యం కూడా ధరలను కిందికి నెట్టగలదు. కారణం ఏదైనా ఫలితం ఒకటే. 1990వ దశకంలో గుజరాత్, తమిళనాడు కర్మాగారాలు ఎదుర్కొన్న చిక్కే నేడు కాకినాడ ముందుకు వచ్చింది.

2025లో పెన్సిలిన్-జి, 6-ఏపీఏ, అమాక్సిసిలిన్‌లకు కనీస దిగుమతి ధర నిర్ణయించాలన్న ప్రతిపాదన చర్చకు వచ్చింది. నిర్ణీత ధర కన్నా తక్కువకు సరకు దేశంలోకి రాకుండా చేయడం దాని ఉద్దేశం. చిన్న, మధ్యతరహా మందుల తయారీదారులు దీనిని వ్యతిరేకించారు. వారి బాధ నిరాధారమైనది కాదు. అమాక్సిసిలిన్ అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నందున దాని గరిష్ఠ అమ్మకపు ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ముడిసరకు ధర పెరిగి అమ్మకపు ధర అక్కడే ఉంటే నష్టం చిన్న కర్మాగారం నెత్తిన పడుతుంది. పెద్ద కంపెనీ తన పెన్సిలిన్‌ను తానే వాడుకుని తట్టుకోగలదు. ముడిసరకు కొని మాత్రలు చేసే చిన్న కంపెనీకి ఆ వెసులుబాటు లేదు.

స్వయంసమృద్ధికి అయ్యే అదనపు ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న ఇక్కడ సూటిగా ఎదురవుతుంది. రోగిపై వేయవచ్చు, చిన్న తయారీదారుపై వేయవచ్చు, ఖజానాపై వేయవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనే రాష్ట్ర సంస్థలు కేవలం తక్కువ ధర చూసి టెండర్లు ఖరారు చేసినంత కాలం ఆ భారం మొదటి ఇద్దరిపైనే పడుతుంది. దేశీయ ముడిసరకుతో చేసిన మందుకు కొద్దిపాటి అదనపు ధర చెల్లించి, అనేక ఏళ్లకు ఒకేసారి కొనుగోలు ఒప్పందం కుదుర్చుకోవడం సుంకాల కన్నా సమంజసమైన మార్గంగా కనిపిస్తున్నది. ఐరోపాలో ఇటువంటి ఆలోచనకు ఒక నమూనా ఉంది. ఆస్ట్రియాలోని కుండల్‌లో దశాబ్దాలుగా పెన్సిలిన్ తయారవుతున్నది. ఆ కర్మాగారం చైనా పోటీని తట్టుకుని నిలవడానికి ఆస్ట్రియా ప్రభుత్వం 2020లో ఐదు కోట్ల యూరోల సాయం ప్రకటించింది. 2022-23 చలికాలంలో ఐరోపా, అమెరికాలలో పిల్లల అమాక్సిసిలిన్‌కు కొరత వచ్చినప్పుడు ఆ ఖర్చు వృథా కాదని చాలామందికి అనిపించింది.

తీరప్రాంతం మాట

కర్మాగారం ఎక్కడుంటే అక్కడి నీరు, నేల దాని భారం మోస్తాయి. ఈ విషయంలో తెలుగువారికి చేదు అనుభవం ఉంది. పటాన్‌చెరు ప్రాంతంలో మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. యాంటీబయాటిక్ అవశేషాలు నీటిలో కలిస్తే మందులకు లొంగని క్రిములు పుట్టుకొస్తాయి. మందు కోసం కట్టిన కర్మాగారమే మందును పనికిరాకుండా చేయగలదన్నమాట.

తొండంగి తీరం రొయ్యపిల్లల హేచరీలకు, సముద్రవేటకు నెలవు. 2020 డిసెంబరులో ఈ మండలంలోనే మరొక మందుల పరిశ్రమకు వ్యతిరేకంగా స్థానికులు ఆందోళన చేశారు. వ్యర్థాలు సముద్రంలో కలిస్తే హేచరీలు, వేట దెబ్బతింటాయన్నది వారి భయం. పెన్సిలిన్ తీసిన తరువాత మిగిలే బూజు ముద్దలో మందు అవశేషం ఉంటుంది కనుక దానిని ఎరువుగానో మేతగానో పంపకుండా ధ్వంసం చేయాలి. చైనా సరకు చౌక కావడానికి ఒకప్పుడు ఈ ఖర్చును అక్కడి నదులపై రుద్దడమూ ఒక కారణమే. ఇక్కడ అదే దారి పట్టి ధర తగ్గించుకుంటే గెలిచినట్టు కాదు. వ్యర్థజల పరీక్షల ఫలితాలను ఎప్పటికప్పుడు గ్రామ పంచాయతీల ముందుంచితే అనుమానాలు సగం తీరుతాయి.

ఒక్క విదేశం బదులు ఒక్క కర్మాగారమా?

ఒకే దేశంపై ఆధారపడటం ప్రమాదమైతే ఒకే కర్మాగారంపై ఆధారపడటం కూడా ప్రమాదమే. కాకినాడ తీరం తుపానులకు కొత్త కాదు. 1996 నవంబరు 6 నాటి పెను తుపాను గోదావరి తీరాన్ని ఎలా అతలాకుతలం చేసిందో పెద్దవారికి ఇంకా గుర్తుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను ఈ తీరంలోనే నరసాపురం సమీపాన ఒడ్డు దాటింది. ఇటువంటి వేళ విద్యుత్తు రోజుల తరబడి నిలిచిపోతే తొట్టెల్లోని బూజుకు దిక్కుండదు. దేశంలో మరో ప్రాంతంలో మరొక పెన్సిలిన్ కర్మాగారం ఉండాలనడానికి ఇదే కారణం. దానితో పాటు కొన్ని నెలలకు సరిపడా పెన్సిలిన్-జిని, 6-ఏపీఏను జాతీయ నిల్వగా ఉంచడం మంచిది. బియ్యానికి ఆహార సంస్థ గోదాములు ఉన్నట్లే దీనికీ ఉండవచ్చు. నిల్వలోని సరకును గడువు తీరకముందే ఆసుపత్రులకు పంపి కొత్తది నింపుతూ ఉంటే వృథా కాదు.

చైనా నుంచి కొనుగోళ్లు పూర్తిగా మానడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. పెన్సిలిన్ తయారైనా అమాక్సిసిలిన్‌కు కావలసిన ఇతర రసాయనాల్లో కొన్ని, పారాసిటమాల్‌కు మూలమైన పారా అమినో ఫినాల్‌లో అధిక భాగం బయటి నుంచి వస్తున్నవే. ఎవరైనా సరకు ఆపితే ఇక్కడ పెంచుకోగల సామర్థ్యం సిద్ధంగా ఉన్నదని అవతలివారికి తెలియడమే పెద్ద రక్షణ. బేరానికి కూర్చున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌కు మంజూరైన బల్క్‌డ్రగ్ పార్కును తొలుత తొండంగి మండలంలోనే ప్రతిపాదించారు. తరువాత దానిని అనకాపల్లి జిల్లా నక్కపల్లికి మార్చారు. 2025 జనవరి 8న విశాఖపట్నం నుంచి ప్రధాని దానికి శంకుస్థాపన చేశారు. గుజరాత్, హిమాచల్‌ప్రదేశ్‌లకు దక్కినట్లే దీనికీ ఉమ్మడి వసతుల కోసం గరిష్ఠంగా రూ.1,000 కోట్ల కేంద్ర సాయం ఉంటుంది. ఆవిరి, విద్యుత్తు, ద్రావకాల పునశ్శుద్ధి, వ్యర్థజల శుద్ధి అందరికీ ఒకే చోట లభిస్తే చిన్న పరిశ్రమలకు ఖర్చు తగ్గుతుంది. తొండంగి నుంచి తీరం వెంట ఉత్తరంగా వెళితే వచ్చే ఆ ప్రాంతంలో 6-ఏపీఏ, దానిపై ఆధారపడిన మందుల కర్మాగారాలు వస్తే పెన్సిలిన్‌కు ఇంటి పక్కనే కొనుగోలుదారులు దొరుకుతారు.

పులియబెట్టి తీసే మందులకు ఇచ్చే ప్రోత్సాహకం 2026-27 వరకు 20 శాతం. 2027-28లో అది 15 శాతానికి, 2028-29లో 5 శాతానికి దిగి, ఆ ఏడాదితో ముగుస్తుంది. అప్పటికి తొండంగి తొట్టెల దిగుబడి చైనా స్థాయిని అందుకోవాలి, లేదా దేశంలోని కొనుగోలుదారులు కొంత ఎక్కువ ధరకైనా ఇక్కడి సరకునే కొనేందుకు ఒప్పందాలు కుదరాలి. రెండింటికీ మిగిలిన వ్యవధి స్వల్పం.